మూడో నాలుగో

డాబాగార్డెన్స్‌లో మెట్లకింద గది నా కొట్టు.
ఏసీ కంప్యూటరుకి, ఫ్యాను నాకు.
పెదజాలారిపేట నుంచి గరికిన మసేనమ్మ
ఖాళీ తట్ట గుమ్మం దగ్గర బోర్లించి
ఫోను నా చేతిలో పెట్టింది.
"మాయమ్మ. గోడంత గావాల."

అరచేతిలో బాగానే ఉంది ముఖం.
తెరమీద పెంచేసరికి
చెంపలు గళ్ళలుంగీ అయిపోయాయి,
ముక్కు పక్కన నీడ మెట్లు మెట్లుగా దిగింది,
తెప్ప అంచు పొడుగునా చీమలు పట్టినట్టు మచ్చలు.
ఎన్ని చేతులు మారిందమ్మా ఇది, అన్నాను.
అల్లుడు పంపాడట, అల్లుడికి వాళ్ళ బావ, బావకి ఏదో గ్రూపు.
మధ్యలో ఒకరు దండ వేశారు, ఒకరు తీశారు,
ఎవరో పుణ్యానికి కాస్త తెల్లగా చేశారు.

జేపెగ్ సంగతి చెప్పబోయాను.
తెరిచి, దిద్ది, దాచిన ప్రతిసారీ
కంటికి ఆనదనుకున్నది కొంత పారేస్తుందని,
పారేసింది తిరిగి అడిగితే ఇవ్వదని,
ఎనిమిదేసి చుక్కల గడి, నాణ్యత శాతం...
నా మాట నాకే కాలికి చుట్టుకుంది.

ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది.
"ఎండు నెత్తళ్ళనీ.
తేలిగ్గుంటాది, ఎంత దూరమైనా ఎల్తాది.
నీల్లల్లో ఏస్తే ఉబ్బుతాది గానీ ఈదదు.
మరి పచ్చిది ఎక్కడుంది?"

అప్పుడు చూశాను,
ఆకాశం కుడిమూల ఆవగింజంత మసక.
నా పాత కెమెరా సెన్సరు మీది దుమ్ము అది.
ఊరంతా తిరిగి, దండలు వేయించుకుని, తెల్లబడి,
నా దగ్గరికే వచ్చింది నేను తీసిన ఫోటో.

బీరువా మీంచి హార్డ్‌డిస్కు దించాను.
గంగమ్మ పండగ, జాలారిపేట, నూటనలభై ఫోటోలు.
అన్నీ జేపెగ్‌లే.
ఆ ఏడు డిస్కులు ఖరీదు, రా ఫైలు ఒక్కోటీ పాతిక ఎంబీ,
మాఘమాసం పెళ్ళిళ్ళు ముంచుకొస్తున్నాయి.
జాగా కోసం పచ్చివన్నీ తుడిచేశాను.
'మధ్యస్థం' అన్నచోట నొక్కిన వేలు
ఇదిగో, ఇదే.

అయినా ఫోనులోదానికన్నా నయం.
నుదుటి ముడతలు వచ్చాయి, ముంజేతి ఉప్పుగీతలు వచ్చాయి,
వల అల్లే చేతి గాజులు లెక్కపెట్టొచ్చు.
మసేనమ్మ తెర దగ్గరికి వంగింది.
గడ్డం మీద ఆకుపచ్చటి మరక ఒకటి.
"పచ్చబొట్టు సుక్కలుండీవి అక్కడ. ఎట్టు."
ఎన్ని చుక్కలమ్మా?
బయట బస్సు వెళ్ళింది, ఇంకోటి వెళ్ళింది.
"మూడో, నాలుగో."
కాసేపాగి,
"నీకు తోసినన్ని ఎట్టకు బాబూ."

దుమ్ము మిగిలింది, చుక్కలు మిగల్లేదు.
దుమ్ముని ఒక్క నొక్కుతో తుడిచేయొచ్చు.
తుడవలేదు ఇంకా.

రెండ్రోజులకి ఫోను చేసింది.
భీమిలి పిన్ని మూడే అందట.
పూడిమడక పిన్ని నాలుగని సముద్రం మీద ఒట్టేసిందట,
పొడిపించుకున్న రోజు పక్కనే కూర్చుందట,
జ్వరం కూడా గుర్తుందట.

టిఫ్‌లో దాచాను, పొరలు కలిపేయకుండా.
అడుగున ఆ మరక ఉన్నది ఉన్నట్టు.
దానిమీద మూడు చుక్కలు ఒక పొర,
ఆపైన నాలుగు చుక్కలు ఇంకో పొర,
రెండింటి పక్కనా కన్ను గుర్తు మూసే ఉంది.
రెండువందల పన్నెండు ఎంబీ.
ఎన్నిసార్లు తెరిచి మూసినా
ఇక ఒక్క నూలుపోగు కూడా జారదు.
ప్రింటుకి మాత్రం
ఏదో ఒకటి తేల్చాలి కదమ్మా, అన్నాను.

"ఆదోరం ఇద్దర్నీ తోలుకొత్తాను," అంది.
"నీ కొట్లో కుర్సీలెన్ని?"