కొలతల బుక్కు

చిట్టి ఎత్తి నలభై రెండు వేలు కట్టిన.
ఎండకాలం, మూడు వారాలు, హైదరాబాద్‌ల బొమ్మల క్యాంపు.
"ఇది ఉంటే కాలేజీల సీటు పక్కా" అన్నడు
ఫోన్‌ల పిలగాడు.
పక్కా అనే మాటకు నేను ఎప్పుడూ పడిపోత.

బంగారు అంచు సర్టిఫికెట్ వచ్చింది.
హన్మకొండ చౌరస్తాల లామినేషన్ చేపిచ్చి
ఫైల్ల అన్నిటికన్న పైన పెట్టిన.

ఇంటర్వ్యూ గది తలుపు సగమే మూసిండ్రు.
మేడమ్ దాన్ని ఒక్క వేలుతోని పక్కకు జరిపింది,
ఇస్తరాకుల వద్దన్న కూర లెక్క.
"పైసలు కట్టినోళ్లందరికీ ఇది వస్తది గద బిడ్డా.
ఎవరూ గియ్యమనకుంట నువ్వు గీసిందేది?"

నా కడుపుల కత్తెర ఆడింది.

ఇందుజ సంచిలకెల్లి తీసింది
నా జాకిట్ల కొలతల బుక్కు!
నడుము ముప్పై, చెయ్యి తొమ్మిదిన్నర,
ఆ అంకెల సందుల
ఎనుమాముల యార్డుల మిర్చి తొడిమెలు తీసే ఆడోళ్లు,
ముక్కులకు కొంగులు, వేళ్లకు మంట.
పేజీలు ఖరాబు చేసినవని నేను తిట్టిన బుక్కే.
మేడమ్ అద్దాలు తీసింది. మళ్ల పెట్టుకుంది.
చానసేపు ఏమనలే.

ఉప్పల్ దాటినంక బస్సుల అడిగిన:
మరి నలభై రెండు వేలు?
"వేళ్లు గీసుడు ఆడనే నేర్చుకున్ననమ్మా" అన్నది
కిటికీ దిక్కు చూసుకుంట.
నిజమో, నన్ను ఓదార్చుడో.

లిస్టు ఇంక రాలే. చిట్టి కంతులు పదకొండున్నయ్.
సర్టిఫికెట్ మిషన్ మీద ఉంటది.
అంచు గట్టిది, సుద్దముక్క ఆనిస్తే
బట్ట మీద గీత సక్కగ వస్తది.