ముప్పై మూడోది

మస్బాటే రేవులో నేనే లెక్కపెట్టాను.
ముప్పై రెండు.
ఒక్కో తొడ మీద ముద్ర తడిమి చూసి
కాగితంతో సరిచూసుకుని
బల్ల మీదుగా పడవలోకి తోలాను.
మా దీవిలో మనిషికి పేరెంతో పశువుకి ముద్ర అంత.
ముద్ర లేని ఆవుని తోలుకెళ్తే
దొంగవి కాదనడానికి నీ నోరొక్కటే సాక్షి.
దాన్నెవరూ నమ్మరు.

మా నాన్న ఎలియోదోరో ముద్రలు కాల్చేవాడు.
ఇనుము ఎర్రగా ఉన్నప్పుడు తొందరపడకు,
బూడిద రంగుకి తిరగనీ, అనేవాడు.
మూడు లెక్కపెట్టి తీసెయ్.
నాలుగోది నీ కోపం.

ఆ రాత్రి సముద్రం పెద్దగా ఏం లేదు.
డీజిలు కంపు, తడిసిన గడ్డి,
గిట్ట జారిన ప్రతిసారీ ఇనుప నేల మీద మోత.
సిబుయాన్ కొండ నల్లగా పక్కకి జరుగుతుండగా
మూలనున్న చుక్కల ఆవు పడుకుంది, లేచింది, మళ్లీ పడుకుంది.
అది చూలుదని కాగితంలో లేదు.
కాగితంలో బరువుంది.

వంటవాడు సెవెరో టార్చిలైటు పట్టుకుని
మొహం అటు తిప్పుకున్నాడు.
ముందు రెండు గిట్టలొచ్చాయి, లేత కొబ్బరి ముక్కల్లా.
తర్వాత ముక్కు. తర్వాత ఒక్కసారిగా అంతా.
వీపు మీద అప్పుడే గుప్పెడు మూపురం.
దీని పూర్వీకుల్ని కూడా ఎవరో ఓడెక్కించే తెచ్చారట,
ఏ తీరం నుంచో మాలో ఎవరికీ గుర్తులేదు.

బటాంగస్‌లో పోలీసు వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు.
రెండుసార్లు.
"ముప్పై మూడు."
"ముప్పై రెండు సార్."
"మరి ఇది?"
"సముద్రంలో పుట్టింది."
"ఏ మునిసిపాలిటీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గరా గడి లేదు.
చెవి గోక్కుని, వెనక్కి తీసుకుపో, అన్నాడు.

తల్లి లారీ ఎక్కింది.
ఎక్కేముందు దూడని ఇంకోసారి నాకింది
చెవి వెనక, నేను తుడవడం మరిచిన చోట.

తిరుగు పడవలో నా ఒళ్లో పడుకుని
డబ్బా పాలల్లో ముంచిన నా వేళ్లు చీకుతూ వచ్చింది.
గట్టిగా చీకేది. గోళ్లు నొప్పెట్టేవి.

ఇప్పుడది నా భుజం దాటింది.
ఏటా ఏప్రిల్లో, రోడియోకి ముందు, మాకు ముద్రల వారం.
యజమాని గొడుగు కింద కూర్చుని అడుగుతాడు,
దీనికెప్పుడు?
నేను పొయ్యి వైపు చూసి
కట్టెలు తడిగా ఉన్నాయి దొరా, అంటాను.

ఏప్రిల్లో మస్బాటేలో వాన పడదు.
అది ఆయనకీ తెలుసు.