అంగుళం మేర

కొండ మీద నా ముందర వంగిన తలలకు లెక్క లేదు.
టోకెను ఇచ్చి, నీళ్లు చల్లుకొని
ఒకామె బిడ్డకు జ్వరం తగ్గిందంటుంది.
ఒకామె ఏమీ చెప్పదు,
నేనూ అడగను.
సగం బ్లేడు మార్చి
నడినెత్తి నుంచి మొదలుపెడతాను.

ఆ రోజు మాత్రం
బ్లేడు ఇంకొకరి చేతిలో ఉంది.
పశువుల ఆస్పత్రిలో, రేకు బల్ల మీద
మా మిరియం ముందరికాలు పట్టుకొని
షాహీనా డాక్టరమ్మ
అంగుళం మేర బొచ్చు గొరిగింది.
నరం దొరకాలంటే తప్పదంట.
ఎన్ని వేల జడలు బుట్టలో పడేశానో,
ఈ చిటికెడు నల్లబొచ్చు రాలితే
నా చెయ్యి వణికింది.

పొద్దున సంగతి చెప్పలేదు కదా.
కొర్లగుంట సందులో ఇద్దరు ఆటోవాళ్లు రామన్నారు.
"నల్లపిల్లి కదక్కా, బోణీ టైము..."
మూడోవాడు మునిశేఖరు నవ్వి
"ఎదురొస్తే కదా దోషం,
వెనక సీట్లో కూర్చుంటే ఏముందిలే, ఎక్కు" అన్నాడు.
టమేటా క్రేటులో పాత లుంగీ పరిచి
పైన ఇంకో క్రేటు బోర్లించి, పురికొసతో కట్టి
ఒళ్లో పెట్టుకున్నాను.
లీలామహల్ సర్కిల్ దాకా అరిచింది.
ఆ తర్వాత అరవలేదు.
అప్పుడేసింది నాకు భయం.

ఆస్పత్రి నిండా గేదెలు, మేకలు.
చంద్రగిరి నుంచి కాలు విరిగిన పొట్టేలుతో వచ్చిన ముసలాయన
"పిల్లికి కూడా చూస్తారా ఈడ?" అన్నాడు,
ఎగతాళికి కాదు, తెలుసుకుందామని.
చీటీ రాసే పిల్లోడు అడిగాడు.
పేషంటు పేరు?
మిరియం.
ఓనరు పేరు?
కొంచెంసేపు ఆగాను.
తొమ్మిదేండ్లుగా నా దిండు దానిది,
నా కంచంలో చేపతల దానిది,
రాత్రి డ్యూటీ దిగొచ్చి తలుపు తీస్తే
ఇప్పుడా రావడం అని అడిగే గొంతు దానిది.
చెంగమ్మ అని రాసుకో నాయనా, అన్నాను.

కిడ్నీలంట.
బాగవుతుందా అంటే
డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు.
"బాగుచేయలేం చెంగమ్మా,
బాగా చూసుకోవచ్చు."

ఇంట్లో క్యాలెండరు దించి
ఆ మేకుకు సెలైన్ సీసా తగిలించాను.
రోజు మార్చి రోజు
మెడ వెనక తోలు ఎత్తి, సూది.
మొదటి దినం నాకే చెమటలు.
తర్వాత చేతికే తెలిసొచ్చింది
ఈ పట్టు కొత్తది కాదని.
పుట్టెంటికలకు తెచ్చిన పసిబిడ్డలు గింజుకుంటే
తల ఎట్ల పట్టుకుంటానో అట్లనే,
నొక్కకుండా, వదలకుండా.
మాత్ర దగ్గరే నేను ఓడిపోయాను.
ఎండు నెత్తళ్లలో దాచిపెడితే
నెత్తడు తిని, మాత్ర నా కాళ్లకాడ పెడుతుంది,
చాలా మర్యాదగా.

"మనుషులకే దిక్కులేదు, పిల్లికి రెండువేలా" అన్నాడు మా అన్న.
నా దగ్గర బదులు లేదు.
రెండువేలూ లేవు, చీటీ ముందే పాడేసుకున్నాను.
"మొక్కుకోవే" అంది పక్కింటి గుర్రమ్మ.
ఇరవై ఏండ్లుగా ఊరందరి మొక్కులు
ఈ చేత్తోనే తీర్చినదాన్ని,
నాకని ఒకటి మొక్కుకోవడం రాలేదు.
రేపు పొద్దున కొంచెం తింటే చాలు స్వామీ,
అంతకంటే నోట రాలేదు.

మూడోసారి ఆస్పత్రికి పోయేటప్పుడు
పిలవకుండానే వచ్చి నిలబడ్డాడు మునిశేఖరు.
"బోణీ బిడ్డ ఎట్లుండాదక్కా?"
ఆ రోజు వాడికి రేణిగుంట బేరం తగిలిందంట,
అప్పటి నుంచి దీన్ని వదలడు.

నాకాడికొచ్చే తలలు ఒక్కసారే వస్తాయి.
నున్నగా మెరుస్తా, గంధం పూసుకొని
జనంలో కలిసిపోతాయి.
వాటి మీద మళ్లీ వెంట్రుక ఎట్ల మొలుస్తుందో
ఇన్నేండ్లలో నేను చూడలేదు.
ఇప్పుడు చూస్తా ఉండాను.
మిరియం ముందరికాలి మీద
మొదట నీలంగా ఒక నీడ,
తర్వాత ఆవాలు చల్లినట్టు గరుకు,
నిన్న వేలితో ఎదురు రాస్తే గుచ్చుకుంది.
క్రియాటినిన్ దిగలేదు.
ఇంకో నూరు గ్రాముల బరువు పోయింది.
బొచ్చుకు ఆ లెక్కలు తెలీవు,
అది మొలుస్తానే ఉండాది.