తదితరులు

శుక్రవారం ట్రెగెన్జా డాక్టరమ్మ రిటైరవుతోంది.
సావనీరు కోసం ఆమె పత్రాల జాబితా
సాపు చేసి ఇమ్మన్నారు నన్ను.
నూట నలభై మూడు.
టౌన్స్‌విల్ ఆసుపత్రి రెండో అంతస్తు,
ఏసీ కింద బకెట్టు, బకెట్లో టప్పు టప్పు.

మొదటి పేజీ అంతా నరాలు:
మెదడులో ఏ సందు మూసుకుపోతే
ఏ మాట ఇంటికి రాదో.
తన ఎడమచెయ్యి పక్కింటివాడిదని వాదించిన
ఓ స్కూలు మాస్టారి గురించి పన్నెండు పేజీలు.
తర్వాత నడక: పది మీటర్లు, స్టాప్‌వాచీ,
నేల మీద పసుపు టేపు.
ఆఖర్న బురద.
ఇక్కడ తొలకరి పుష్యమాసంలో పడుతుంది.
వానకి మట్టిలోంచి పైకొస్తుంది
నోరు తిరగని పేరున్న ఓ క్రిమి,
పిక్క మీది గీరులోంచి దూరి
ఒక్కోసారి మెదడు దాకా పాకుతుంది.

"మూడు శాఖలుగా విడగొట్టు, చూడ్డానికి బావుంటుంది"
అన్నాడు కమిటీ నుంచి డెస్మండ్.
కూర్చున్నాను. విడిపోవు.
మూడింట్లోనూ ఒకడే మనిషి అడ్డం పడుతున్నాడు.

అరవై ఒకటో పత్రంలో ఆయన
యాభై ఎనిమిదేళ్ళ చెరకు రైతు, ఎడమకాలు పడిపోయింది.
డెబ్భై ఏడులో రోగి 3.
నూట రెండులో గ్రాఫు మీద ఒక చుక్క,
మిగతా చుక్కలకి కాస్త ఎడంగా, మొండిగా.
నూట పద్దెనిమిదికి వచ్చేసరికి
రెండువందల పన్నెండు మందిలో కలిసిపోయాడు.
బెల్లం దిమ్మలో ఏ గడ రసం ఎక్కడుందో
ఎవరు చెప్పగలరు?
పేరు నాకు తెలుసు. చెప్పకూడదు.
లిఫ్టు ఉందని అరిచినా వినకుండా
సంచీడు మామిడిపళ్ళతో మెట్లెక్కి వచ్చి
చెమటలు కక్కుతూ నా కుర్చీలో కూలబడ్డ రోజు మాత్రం
ఏ పత్రంలోనూ దొరకలేదు.

డెబ్భై ఏడులో నేనూ ఉన్నాను, నాలుగో పేరు.
ఆ కాలికి అడుగు నేర్పింది ఈ చేతులే.
మావైపు ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందు నడుస్తుంది,
పేరు నిండుగా వెనకాల వస్తుంది.
ఇక్కడ ఇంటిపేరు కాళ్ళు బారజాపి కూర్చుంది,
వకుళ అనే నేను
ఒంటి 'వ'నై తోకలో వేలాడుతున్నాను.
అదీ ఆ ఒక్కచోటే.
ఇంకెవరైనా ఉదహరిస్తే మూడు పేర్లు రాసి
తదితరులు అంటారు.
తదితరుల్లో నా తర్వాత ఇద్దరున్నారు.
తెల్లారుజామున రక్తం తీసిన షెరిలిన్
అందులో కూడా లేదు.

రెండువేల పదకొండు, పన్నెండు ఖాళీ.
"ఇక్కడేదో పోయింది, వెతుకు" అన్నాడు డెస్మండ్.
ఏదీ పోలేదు.
ఆ రెండేళ్ళూ ముప్పై ఎనిమిది మందికి మోకాలి కింద
కరెంటు పట్టీ కట్టాం, విప్పాం, కొలిచాం,
మళ్ళీ కట్టాం.
కట్టినా కట్టకున్నా అదే నడక.
తేడా లేదు అన్న మాటని
మూడు పత్రికలు మర్యాదగా తిప్పి పంపాయి.
చెరకు రైతు అడిగాడు:
"మరి నేను నడుస్తున్నాను కదా?"
"నడుస్తున్నారు," అందామె. "ఎందుకో నాకు తెలీదు."
ఆయన కాసేపు తన బూటు వైపు చూసుకుని
సరే, రేపు ఎన్నింటికి రమ్మంటారు అన్నాడు.

ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి ప్రింటు తీశాను.

శుక్రవారం కేకు కోశారు.
ఆమె ప్రసంగం అర నిమిషం:
"వానల్లో వట్టికాళ్ళతో తోటలోకి దిగకండి."
అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.
జాబితా తిరగేసి, ఖాళీ దగ్గర వేలాపి,
ఏమీ అనకుండా
కేకు పళ్ళెం దాని మీదే పెట్టింది.
మేమిచ్చింది రబ్బరు బూట్లు, ఒక సైజు పెద్దవి.
అక్కడే తొడుక్కుని, చెప్పులు చంకలో పెట్టుకుని,
కార్ల మధ్య నిలిచిన నీళ్ళలోంచి
పెద్ద పెద్ద అంగలేస్తూ వెళ్ళిపోయింది.
కిటికీ దగ్గర
పాత అలవాటు, లోలోపల లెక్కపెట్టాను.
పది మీటర్లు.
తొమ్మిది సెకన్లు.