గుంట ఏడుపు

సబ్‌స్టేషన్ కంచె మీద పుర్రె బొమ్మ, కింద రెండెముకలు.
ఆ బోర్డు నా మెడకే తగిలించారనుకునేవాణ్ణి
మొదటి మూడు నెలలూ.

టెక్కలి నుంచి రెండు రైళ్లు, ఒక బస్సు.
రాయదుర్గంలో దిగగానే నోట్లోంచి "ఏటి" అని జారింది.
టీకొట్టు బల్ల మీది నలుగురూ ఆ మాటని
వేయించిన బుడ్డలా ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి
అందించుకుని నవ్వారు.
ఆ రోజే నాలుకని ఫ్యూజులా పీకి జేబులో వేసుకున్నా.
గంటకోసారి లాగ్‌బుక్కులో
అంకెలతో మాత్రం మాట్లాడేవాణ్ణి.

ఒక రాత్రి ఫీడరు ట్రిప్పయింది.
మోటార్లు వేసుకోవాల్సినవాళ్లు గేటు ముందు
టార్చిలైట్లు ఆర్పుకుని కూలబడ్డారు.
"లైన్‌మన్ వచ్చేలోపల నిద్దరొస్తాది.
మీ పక్క కత ఏదన్నా చెప్పు సామీ" అంది గంగక్క.

గొంతులో తుప్పు.
అమ్మమ్మ ఎట్లా ఎత్తుకునేదో అట్లాగే ఎత్తుకున్నా:
"అనగనగా ఒక గుంట. ఆ గుంట ఒకటే ఏడుపు."

"గుంట యాడన్నా ఏడుస్తాదా?" సుంకన్న పగలబడ్డాడు.

మా వైపు గుంటంటే ఆడపిల్ల.
ఇక్కడ, వానొస్తే నీళ్లు నిలిచే పల్లం.
చెవులు కాలాయి. కత అక్కడే ఒగ్గేద్దామనుకున్నా.

వన్నూరప్ప బీడీని నేలకి రాసి ఆర్పాడు.
"ఏడుస్తాదిరా. మా చేన్లో గుంట నాలుగేండ్లు ఏడ్చింది.
కడాకు ఒగ చేప మిగిల్నాది, దాని కన్నంత తడి.
మనమే ఇనల్యా.
నువ్వు చెప్పప్పా."

ఇక అది పిల్లా కాదు, పల్లమూ కాదు.
దానికి జడుంది, జడ కొసన బురదుంది.
చెంబు పట్టుకుని సముద్రాన్ని అడగబోయింది.

"సముద్రం ఎంతుంటాది?"
ఎండిన చేను ఎంతదూరం కనిపిస్తుందో
అంతదూరం తడి, అన్నాను.
గంగక్క కాసేపు ఏమీ అనలేదు.
"దోవలో ఆకలైతాదే దానికి. కొర్రన్నం పెట్టు."
పెట్టాను.
అమ్మమ్మ కతలో కొర్రన్నం లేదు.

నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా
చీకట్లోంచి "ఊ".
కుక్కిమంచంలో ఆమె పక్కన పడుకుని నేనన్నదీ అదే.
ఆ ఒక్క మాటకీ యాస లేదు.

మూడూ పదికి లైనొచ్చింది.
ట్రాన్స్‌ఫార్మరు కూడా ఊ కొట్టడం మొదలెట్టింది.
అందరూ లేచి చేలవైపు పరుగు.
వన్నూరప్ప ఒక్కడే వెనక్కి తిరిగి అరిచాడు:
"ఇంతకీ గుంటకి నీళ్లు దొరికినాయా?"

అక్కడికొచ్చేసరికి
నాకెప్పుడూ నిద్ర పట్టేసేది.
"రేపు చెప్తా" అన్నాను.