గమనిక అనే గడి

మొదటి రోజు ఒక్క ముక్కా రాయలేదు.
వైరాపాటాలో, విత్తనాల కొట్టు గుమ్మంలో కూచుని
బంగాళాదుంపలకి చెక్కు తీశాను.
"ప్రశ్నలు తర్వాత. ముందు చేతులు," అంది సాతుర్నినా.
కుస్కో ఆఫీసులో దీన్ని
అవసరాల సేకరణ అంటారు.

రెండో రోజు నోటుపుస్తకం తెచ్చింది.
పందొమ్మిదేళ్ల అప్పులు.
ఎవరు ఎన్ని సంచుల విత్తనం తీసుకున్నారో,
తవ్వకాలయ్యాక ఎన్ని తిరిగొచ్చాయో,
పెన్సిలుతో, బొగ్గుతో, దొరికినదానితో.
"ఈ పేజీ మీద మరకేంటి?"
"మరక కాదు. ఆ ఏడు వడగళ్లు."
దానికి ఏ రకం గడి ఇవ్వాలో
నాకు తెలీలేదు.

పట్టికలు గీశాను:
రైతులకొకటి, దుంపలకొకటి, ఇచ్చిపుచ్చుకోవడాలకొకటి.
వియ్యంకుల్ని కలిపినట్టు
గీతలతో జాగ్రత్తగా కలిపాను.
దుంపల దగ్గరే చిక్కొచ్చింది.
ఇక్కడ లామా నాలుక అనేదాన్నే
వాగవతల తడిసిన చెప్పు అంటారు.
పై ఊళ్లో తడిసిన చెప్పంటే
వేరే దుంప, ఊదారంగుది, చేదుది.
ఇక పేర్లని నమ్మకూడదని
ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చాను.
సాతుర్నినా చాళ్ల మీదకి వంగి
"నలభై ఏడూ!" అని కేకేసింది.
కాసేపు చెవి ఒగ్గి వింది.
"పలకట్లేదు, ఇంజినీరమ్మా."

ఆ సాయంత్రం పొయ్యి ముందు పాఠం చెప్పాను:
సున్నా వేరు, ఖాళీ వేరు.
సున్నా అంటే లెక్కపెట్టాం, ఏమీ లేదు.
ఖాళీ అంటే ఇంకా తెలీదు.
రెండిటినీ ఒకటి చేస్తే లెక్క అబద్ధమాడుతుంది.
పిడక తిప్పుతూ తలూపింది.
అర్థమైందనుకోలేదు నేను.

తెరలు కట్టడానికి నెల పట్టింది.
అందులో కరెంటున్న రోజులు పదకొండు.

పరీక్షించడానికి విల్బెర్‌ని కూచోబెట్టాను.
తొమ్మిదేళ్లవాడు.
తీసుకోక ముందే తిరిగిచ్చినట్టు తేదీలు వేశాడు.
మేనమామకి మైనస్ నాలుగు సంచులిచ్చాడు.
కుక్కని రైతుగా నమోదు చేశాడు,
అది అప్పు కూడా తీసుకుంది.
ఇలాంటి టెస్టరు ఏ కంపెనీలోనూ
నాకు దొరకలేదు.

ఇక పాత పుస్తకం ఎక్కించడం.
బయట మంచుకి పరిచిన దుంపలు
రాళ్లలా బిగుసుకుంటుంటే
లోపల ఆమె చదువుతోంది, నేను కొడుతున్నాను.
సంచి తీసుకున్న ప్రతివాళ్లూ
సంచీ, దాని మీద రెండు దోసిళ్లూ తెచ్చారు.
కొసరు.
నా పట్టికలో అసలుకే చోటుంది.
ఆ రాత్రి నిద్ర మాని
కొసరుకో నిలువు వరస కట్టాను.

మరకున్న పేజీ దగ్గర ఆమె గొంతు ఆగింది.
ఫ్లోరెంటీనా. రెండు సంచులు.
వడగళ్లు పడ్డాక మందని తోలుకుని కనుమ దాటింది.
అంతే.
పద్నాలుగేళ్లయింది మరి,
తిరిగొచ్చినది అన్న గడిలో సున్నా కొట్టాను.
వరసంతా ఎర్రబడింది: బాకీ.

సాతుర్నినా నా మణికట్టు పట్టుకుంది,
మట్టి ఎండిన వేళ్లతో.
"నువ్వే చెప్పావుగా.
మనం లెక్కపెట్టామా?"

సున్నా చెరిపేశాను.
ఎరుపు పోయింది.
గడి మిగిలింది,
ఎవరైనా వచ్చేందుకు వీలుగా.

ఇప్పుడు కుస్కో నుంచే నెలకోసారి చూసుకుంటాను.
చిన్న చిన్న మరమ్మతులు, పెద్దగా ఏం లేవు.
అన్నిట్లోకీ ఎక్కువ నిండేది
నేను చివర్లో, పెద్దగా ఇష్టం లేకుండా
చేర్చిన గడి, గమనిక.
పెళ్లికని ఎక్కువ పట్టుకెళ్లాడు, అడక్కండి.
ఈసారి చిన్నవొచ్చాయి, కానీ తియ్యన.
కుక్క అప్పు కొట్టెయ్యొద్దు, ఇట్లు విల్బెర్.

మొన్న తొలివానల తర్వాత
నలభై ఏడుకి ఎదురుగా
ఒక్క మాటే ఉంది:
పలికింది.