ఏడు పెట్టి, ఏడు తీసి

ఫిర్యాదుకు గుండుసూది గుచ్చి
నా టేబుల్ మీదకు పంపారు.
నారాయణగూడ, జిరాక్సు షాపు మీద మొదటి అంతస్తు.
పేరు ఎస్తేరు రాణి.
బోర్డు మీద ఆ పేరుకు ముందు "డా." అని ఉందట,
చేసేది సూదివైద్యమట.
మా రిజిస్టర్లో ఆ వైద్యానికి గడి లేదు.
"ఇతరములు" అని ఒకటుంది,
అందులో ఇప్పటికే ఇరుకు.

పద్దెనిమిదేళ్లుగా కోఠీలో ఇదే కుర్చీ.
ఎడమవైపు ఫైళ్లు, ఎడమవైపే కంప్యూటరు,
కుడివైపు కిటికీ.
మార్చి నుంచి మెడ కుడికి తిరగడం మానేసింది.
బస్సు వస్తోందో లేదో చూడాలంటే
మొత్తం మనిషిని తిప్పాలి, తలుపులా.

విచారణకు వెళ్లానని చెప్పను.
సాయంత్రం ఆరున్నరకు
ఐడీ కార్డు జేబులో కుక్కుకుని మెట్లెక్కాను.
సూది కోసం సోదికి పోతే ఏం బయటపడుతుందో
అమ్మమ్మ చెప్పే సామెత ఒకటుంది,
దాన్ని దారంతా మింగుతూనే ఉన్నాను.

బోర్డు మీద "డా." లేదు.
తెల్లరంగు పూశారు.
రంగు కింద నుంచి
ఆ అక్షరం ఇంకా తొంగిచూస్తోంది.

పెద్దాసుపత్రిలో ముప్పై ఒక్కేళ్లు నర్సట ఆమె.
"ఏడ నొస్తున్నది సారూ?"
మెడ అన్నాను.
చెయ్యి పట్టుకుంది.
మెడనొప్పికి చెయ్యెందుకని అడగబోయి ఊరుకున్నాను.
మా ఆఫీసులోనూ అంతే,
ఒక సెక్షన్లో పని కావాలంటే
ఇంకో సెక్షన్లో నొక్కాలి.

ఒక్కొక్క కవరూ నా కళ్లముందే చింపింది.
చీమ అంతకంటే గట్టిగా కుడుతుంది.
"జర కదలకుండ పండుకోండ్రి" అని
ఫ్యాను తగ్గించి వెళ్లిపోయింది.
నలభై నిమిషాలు
నన్నెవరూ ఏమీ అడగలేదు.
కింద జిరాక్సు మిషను మాత్రం
ఎవరి సర్టిఫికెట్లో మళ్లీ మళ్లీ కంటోంది.

తీసేటప్పుడు లెక్కపెట్టింది, పెదాలతోనే.
పొడుగు పుస్తకంలో రాసింది:
ఏడు పెట్టి, ఏడు తీసి.
తేదీ. సంతకం.
పాత పేజీలు తిప్పింది. పదకొండేళ్లు.
ఇది రాయాలని ఎవరు చెప్పారన్నాను.
"ఎవ్వలు చెప్పలె.
ఆపరేషన్ థియేటర్ల ఒక్కసారి
దూది లెక్క తప్పింది."
ఆ తర్వాతి మాట చెప్పలేదు.

కాగితాల కట్ట ఒకటి నా ముందుంచింది.
ఇంగ్లండులో పచ్చబొట్టు పొడిచేవాడూ
చెవులు కుట్టేవాడూ సూదివైద్యుడూ
ఒకే చట్టం కింద పేరు రాయించుకోవాలట.
అమెరికాలో చాలా రాష్ట్రాలు
పరీక్ష పెట్టి లైసెన్సిస్తాయట.
ఎక్కడో పరిశోధనకని
నాటకాల కత్తిలాంటి సూది చేశారట,
గుచ్చినట్టే ఉండి పిడిలోకి ముడుచుకుంటుంది.
దానితోనూ కొందరికి నొప్పి తగ్గిందట.
ఆ పేజీని ఆమె దాచలేదు.
ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకుంది.

"తప్పుంటె రాయండ్రి సారూ,
ఏ గడిల రాస్తరో అది గూడ చెప్పండ్రి.
మీ కార్డు తాడు జేబు బయటనే ఉన్నది."

మరునాడు ఫైలు తెరిచాను.
"సదరు అక్షరము చెరిపివేయబడినది" అని రాశాను.
రెండో వాక్యం రాలేదు.
మెడ కుడికి కొంచెం తిరిగింది,
కిటికీ సగందాకా.
సూదులా, ఆ నలభై నిమిషాలా, ఆ పుస్తకమా,
నాకు తెలియదు.
పక్క బిల్డింగు మీద నల్ల నీళ్లట్యాంకు,
అది అక్కడుందనే మరిచిపోయాను.

కాగితం తిప్పబోతే
గుండుసూది బొటనవేలిలో దిగింది.
తుప్పుది.
పద్దెనిమిదేళ్లలో ఎన్ని గుచ్చానో
ఒక్కదానికీ లెక్క లేదు,
లైసెన్సు అడిగినవాడూ లేడు.
పీకి, మార్జిన్లో పెన్సిలుతో రాశాను:
ఒకటి పెట్టి, ఒకటి తీసి.
తేదీ వేశాను.
సంతకం దగ్గర
కాస్త ఆగాను.